రికార్డుల రామాంజి ఇంట్లో మగ గొంతు

మాచర్ల నుంచి గురజాల పోయే రోడ్డులో, నాపరాయి పాలిషింగ్ యూనిట్లు అయిపోయాక, ఎడమ పక్క ఒక పాత క్వారీ గుంట ఉంది. అందులో నీళ్ళు ఎండాకాలంలో కూడా నల్లగా ఉంటాయి. గుంట ఒడ్డున ఒక్కటే ఇల్లు. గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, చుట్టూ నడుమెత్తు ప్రహరీ కూడా నాపరాయే. దాన్ని రికార్డుల రామాంజి ఇల్లు అంటారు.

పొద్దుగూకితే అటు ఎవరూ పోరు.

రామాంజి సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాడు. పెళ్ళి చేసుకోలేదు. సంపాదించింది కూడబెట్టి మద్రాసు నుంచి ఒక స్టీరియో తెప్పించుకున్నాడు. మోయడానికి ఇద్దరు కావాల్సిన యాంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, నడుమెత్తు చెక్కపెట్టెల్లో రెండు స్పీకర్లు. హాలు మూతపడ్డాక ఆయనకి ఆ పెట్టెలే లోకం.

ఒకసారి రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఆ ఇంట్లోంచి ఒకటే చప్పుడు వచ్చింది.

టక్... టక్... టక్...

పాట అయిపోయాక సూది ఖాళీ గీతలో తిరిగే చప్పుడు. మూడో రోజు తలుపు పగలగొట్టారు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఇల్లు ఖాళీగా ఉంది. గుంటూరులో ఉండే ఓనరు స్టీరియోని అమ్మబోతే కొనేవాడు లేడు. పాతసామాను కొనేవాడు గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, బేరం ఆడకుండానే సైకిలు తిప్పుకుని పోయాడంట.

ముందే ఒక మాట చెప్పాలి. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. బస్సు కిటికీలోంచి చూశాను, అంతే. ఇందులో ఎక్కువ భాగం మస్తాన్‌రావు చెప్పింది. కొంత మెకానిక్ ఇర్ఫాన్ చెప్పింది. వాళ్ళిద్దరి మాటా కలవని చోట రాయకుండా వదిలేశాను. ఆఖరి సంగతి జరిగినప్పుడు మాత్రం నేనే పక్కన ఉన్నాను.

మొన్న కార్తీకంలో, నడికుడి స్టేషన్లో. పిల్లల్ని మాచర్లలో చెల్లెలి దగ్గర దింపి నేను హైదరాబాదు పోతున్నాను. రైలు రెండు గంటలు లేటన్నారు. బెంచీ మీద నా పక్కన మస్తాన్‌రావు కూర్చున్నాడు. మా చెల్లెలి వీధిలోనే ఆయన మేనకోడలు ఉంటుంది, అలా ముఖపరిచయం. యాభై దాటిన మనిషి. మోకాలి నొప్పికి మిర్యాలగూడ డాక్టరు దగ్గరికి పోతున్నానన్నాడు. నేను అప్పటికి మూడోసారి ఇంటికి ఫోన్ చేసి గ్యాసు ఆపారా, వెనక తలుపు వేశారా అని అడగడం ఆయన విన్నాడు.

"నా తమ్ముడు కూడా అచ్చం మీలాగే" అన్నాడు నవ్వి. "ఆడి భయమే నన్ను దెయ్యాన్ని చేసింది."

అలా మొదలైంది.

* * *

తమ్ముడి పేరు బ్రహ్మాజీ. లారీ డ్రైవరు. మాచర్ల రాయి ఎక్కించుకుని నాగపూర్, ఇండోర్ దాకా పోతాడు. వెళ్తే పది రోజులు, ఒక్కోసారి పదిహేను. భార్య మహాలక్ష్మి, తొమ్మిదేళ్ళ కూతురు గోపిక. కిందటి మాఘంలో రామాంజి ఇల్లు సగం అద్దెకే వస్తుందంటే తీసుకున్నాడు.

"ఒరేయ్, ఆ ఇల్లెందుకురా?" అని మస్తాన్‌రావు అడిగాడు.

"దెయ్యాలు అద్దె పెంచవన్నా" అన్నాడు బ్రహ్మాజీ.

స్టీరియో ఆ ఇంట్లోనే ఉంది. దాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేక, ముందు గదిలో గోడకి ఆనించి దుప్పటి కప్పి ఉంచారు.

మస్తాన్‌రావు పాలిషింగ్ యూనిట్లో సూపర్వైజరు. రాత్రి ఎనిమిదిన్నరకి పని దిగి, ఆ ఇంటి ముందు నుంచే నడిచి తన ఇంటికి పోతాడు. మొదటి ట్రిప్పుకి పోతూ తమ్ముడు ఒక మాటన్నాడు.

"అన్నా, పోతా వస్తా మా ఇంటిమీద ఓ కన్నేసి ఉంచు."

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడి మాట్లాడదు. తలమీదికి కొంగు లాక్కుని పక్కకి తప్పుకుంటుంది. తమ్ముడు ఊళ్ళో లేనప్పుడు అన్న ఆ గుమ్మం ఎక్కడు. కేకేసి "ఏమ్మా, బాగున్నారా" అని కూడా అడగడు. పట్నంలో ఇవన్నీ పోయాయి. మస్తాన్‌రావు ఇంట్లో పోలేదు.

అందుకని ఆయన గుమ్మం ఎక్కకుండా కన్నేసి ఉంచాడు. రోజూ తొమ్మిది అవుతుండగా ప్రహరీ పక్కన ఆగేవాడు. ఒక బీడీ ముట్టించేవాడు. అది అయిపోయేదాకా ఇంటివైపు చూసేవాడు. తలుపు వేసి ఉందా, కిటికీ వేసి ఉందా... అంతే. వెళ్ళిపోయేవాడు.

మూడు నెలలు ఏమీ లేదు.

వైశాఖంలో ఒక రాత్రి — తమ్ముడు బయల్దేరి నాలుగో రోజు — ఆయన బీడీ ముట్టించాడు. ఇంట్లో దీపం లేదు. గాలి కూడా లేదు.

లోపల ఎవరో దగ్గారు.

మగమనిషి దగ్గు.

* * *

"చెవులు మోసం చేశాయనుకున్నా" అన్నాడు మస్తాన్‌రావు. "గుంటలో కప్పేమో అనుకున్నా. కప్ప దగ్గదు గదండీ."

మర్నాడు మళ్ళీ అక్కడే ఆగాడు. ఈసారి బీడీ ముట్టించకముందే చూశాడు. ముందు గది కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. లోపల చీకట్లో... ఎర్రటి చుక్క ఒకటి.

కదలడం లేదు. ఆరడం లేదు.

సిగరెట్టు నిప్పంత ఉంది.

చూస్తుండగానే లోపలి నుంచి సన్నటి హోరు మొదలైంది. తేనెటీగల తుట్టె దూరంగా ఉన్నట్టు. ఆ హోరు మీద... దగ్గు. గొంతు సవరించుకోవడం. ఆ పైన ఒక మాట. ఏ మాటో తెలియలేదు గాని, గొంతు మగ గొంతే.

ఆయన బీడీ చేతిలోనే నలిపేశాడు.

ఇంటికి పోయి తమ్ముడికి ఫోన్ చేశాడు.

"యాడున్నావురా?"

"ఆదిలాబాద్ దాటానన్నా. ఏంది?"

"ఏం లేదు."

"ఇంటికాడ అంతా బానే ఉందా?"

బ్రహ్మాజీ ఆయనకంటే పదమూడేళ్ళు చిన్న. తల్లి పోయాక భుజాన వేసుకుని పెంచిన పిల్లాడు. ఆరు చక్రాల బండి మీద, రాత్రిపూట, ఘాట్ రోడ్డులో ఉన్నాడు. ఇప్పుడు నోరు జారితే ఒక్క మాటతో ఆ కాపురం అక్కడికక్కడే ముగుస్తుంది. చెప్పకపోతే... తమ్ముడు అప్పగించి పోయిన ఇల్లు అది.

"బానే ఉంది" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవడు? ఆ ఇంటికి వచ్చిపోయేది ఎవరు? పాలవాడు గేటు దగ్గరే పోసి పోతాడు. గోపిక ట్యూషన్ టీచరు ఆడమనిషి. ఇంకెవరు... అని లెక్కపెడుతుంటే గుర్తొచ్చింది. సెల్ పాయింటు ఇర్ఫాన్. ఆ నెలలో మూడుసార్లు చూశాడు తను. భుజాన సంచీతో, ఆ గేటులోంచి బయటికి వస్తూ. మొదటిరోజు తమ్ముడు ఉన్నాడు. రెండో రోజు, మూడో రోజు... లేడు.

"నాకు మహాలక్ష్మి మీద అప్పటిదాకా ఒక్క చెడ్డమాట లేదండీ" అన్నాడు మస్తాన్‌రావు నాతో. "ఒక్కసారి అనుమానం పట్టిందా, ఇంక అన్నీ దానికే సాక్ష్యం చెప్తాయి. ఆ పిల్ల పూలు పెట్టుకున్నా, ఎవరి కోసం అనిపించేది."

* * *

మూడో రాత్రి ఆయన గోడ దగ్గర ఆగలేదు.

గోడ దూకాడు.

తన జన్మలో అంత తప్పుపని చేయలేదన్నాడు. చెప్పులు విప్పి చేత పట్టుకుని, నాపరాళ్ళ మీద అడుగులో అడుగు వేస్తూ, కిటికీ కింద చేరాడు. ఎర్రచుక్క అక్కడే ఉంది. హోరు కూడా ఉంది. లోపలి గదిలో గోపిక ఎక్కాలు చదువుతోంది — పన్నెండో ఎక్కం, సన్నగా. పిల్ల లోపల ఉండగానే... అనుకునేసరికి ఆయనకి ఒళ్ళు మండింది.

హోరు పెరిగింది.

దగ్గు.

గొంతు సవరింపు.

ఆ తర్వాత... చెవి పక్కనే అన్నట్టు... "మహాలక్ష్మీ..."

ఆయన పళ్ళు బిగించాడు.

"...గడియ పెట్టావా?"

బిగించిన పళ్ళు అలాగే ఉండిపోయాయి.

ఆ గొంతు ఆయనకి తెలుసు. ముప్పై తొమ్మిదేళ్ళుగా తెలుసు.

అది బ్రహ్మాజీ గొంతు.

"గోపికా, చదువుతన్నావా తల్లీ?" అంది గొంతు. అదే బరువు, 'తల్లీ' అన్నచోట అదే సాగదీత. కాని ఏదో తేడా ఉంది. గొంతు మనిషంత ఎత్తు నుంచి రావడం లేదు. నేల దగ్గర్నుంచి వస్తోంది. ఒక మూల నుంచి కాదు — రెండు మూలల నుంచి, ఒకేసారి.

లోపల పిల్ల ఎక్కం ఆపలేదు. బదులు పలకలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు.

మస్తాన్‌రావు గోడ ఎలా దాటాడో ఆయనకే తెలియదు. రోడ్డు మీద కల్వర్టు దగ్గరికి వచ్చి ఫోన్ తీశాడు.

స్విచ్ ఆఫ్.

మళ్ళీ చేశాడు. స్విచ్ ఆఫ్.

"మీరు నమ్మండి, నమ్మకపోండి. అప్పుడు నాకు ఒకటే అనిపించింది" అన్నాడు. "బండి లోయలో పడింది. ఆడు పోయాడు. పోయి, ముందు ఇంటికొచ్చాడు... గడియ పెట్టారో లేదో చూసుకోటానికి."

మరదలికి చెప్పాలి. తలుపు కొట్టాలి. కొట్టి ఏమని చెప్పాలి? "అమ్మా, నీ మొగుడి గొంతు విన్నాను, ఆడు లేడేమో" అనాలా? ఈ వేళప్పుడు ఇక్కడ నువ్వేం చేస్తున్నావని అడిగితే? గుమ్మం ఎక్కడానికే లేదు. ఆయన ఆ కల్వర్టు మీద కూర్చుని నలభైసార్లు ఫోన్ చేశాడు. ఇంట్లో గొంతు ఆగిపోయింది. ఎర్రచుక్క మాత్రం అలాగే ఉంది.

పదిన్నరకి ఫోన్ మోగింది.

"ఏందన్నా, ఇన్నిసార్లు చేశావు? ఛార్జింగ్ అయిపోయింది, ఇప్పుడే దాబా కాడ పెట్టా."

మస్తాన్‌రావు ఫోన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"ఏం తిన్నావురా?"

"రొట్టె, పప్పు."

"సరే. తిను."

అంతకంటే ఏమీ అడగలేదు. అడిగితే, ఆ వేళప్పుడు కిటికీ కింద ఎందుకున్నావంటాడు.

* * *

తెల్లారి నేరుగా ఇర్ఫాన్ కొట్టుకి పోయాడు.

ఇర్ఫాన్‌కి పాతికేళ్ళుంటాయి. వాళ్ళ తాత ఖాజా మొహిద్దీన్ రేడియో మెకానిక్కు. ఆయన వదిలిపోయిన సోల్డరింగ్ పనిముట్ల మధ్యే మనవడు సెల్‌ఫోన్లు బాగుచేస్తుంటాడు. ఇర్ఫాన్ కూడా ఆ పొద్దుటి సంగతి నాకు చెప్పాడు. ఇద్దరూ ఒకేలా చెప్పారు.

"ఏంది మస్తానన్నా, కొట్టుకొచ్చి ఫోను తియ్యవు, నా మొహం వంక చూస్తావు?"

"మా తమ్ముడింటికి ఎందుకు పోతన్నావు?"

"పనికి."

"ఏం పని? ఆడు లేనప్పుడు ఏం పని?"

ఇర్ఫాన్ చేతిలో సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. ఆ ప్రశ్న ఎటు పోతోందో అతనికి అర్థమైంది.

"మా అమ్మ జాన్‌బీని తోడు తీసుకునే పోయా, రెండుసార్లూ. ఆమె లోపల కూర్చుంది, నేను ముందు గదిలో పని చేశా. చాలా? ఇంకేమన్నా అడుగుతావా?"

మస్తాన్‌రావు తల దించుకున్నాడు. ఇర్ఫాన్ కోపంగానే కడ్డీ మళ్ళీ చేతికి తీసుకుని, సంగతి తనే చెప్పాడు. పని గురించి చెప్పేటప్పుడు అతను కోపం మర్చిపోతాడు.

రామాంజి స్టీరియోకి బ్రహ్మాజీ ఇంటర్నెట్ పాటలు పెట్టించుకున్నాడు. యాంప్లిఫయరులో కండెన్సర్లు ఎండిపోయి ఉంటే ఇర్ఫాన్ మార్చాడు. అయినా కొద్దిగా హోరు మిగిలింది. స్పీకర్ల అంచుల్లో స్పాంజి పొడి అయిపోతే కొత్తది అతికించాడు. ఇప్పటి వైర్లు ఆ పాత సెట్టుకి ఎక్కవు. వెనక అయిదు రంధ్రాల గుండ్రటి సాకెట్టు ఒకటి ఉంటుంది. దానికి తాత డబ్బాలో పాత పిన్ను వెతికి, చేత్తో వైరు కట్టి, అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి తగిలించాడు. ఆ డబ్బా ఇంట్లో వైఫైకి కలుస్తుంది. పాట ఎక్కడో ఇంటర్నెట్లో ఉంటుంది. డబ్బా దాన్ని లాక్కొచ్చి పాత యాంప్లిఫయరుకి ఇస్తుంది.

"ఫోన్లో ఒక్కసారి నొక్కితే చాలన్నా. ఆ తర్వాత ఫోను ఆగిపోయినా డబ్బా దాని పని అది చేసుకుంటది. నాగపూర్లో నొక్కితే మాచర్లలో మోగుద్ది. యాంప్లిఫయరు మాత్రం ఆపకూడదు. అందుకే ఎర్రలైటు ఎప్పుడూ ఎలుగుతా ఉంటది."

"మరి ఆడి గొంతు?"

"ఆయనే రికార్డు చేసి పంపాడు. దగ్గు, గొంతు సవరించటం, పెళ్ళాన్నీ పిల్లనీ పిలవటం... నాలుగు ముక్కలు. నేనే ఎక్కించి పెట్టా. రోజూ తొమ్మిదింటికి లారీలోంచి నొక్కుతాడు. ఇంట్లో మగాడున్నట్టు బయటోళ్ళకి వినపడాలని."

మస్తాన్‌రావుకి అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది. కొట్టు ముందు బల్ల మీద కూలబడి, పిచ్చివాడిలా నవ్వాడంట.

"ఎవరికి వినపడాలిరా ఆ గుంట కాడ? కప్పలకా?"

ఇర్ఫాన్ నవ్వలేదు.

"నీకు చెప్పలేదా? గోడ కాడ రోజూ ఎవడో నిలబడతన్నాడంట అన్నా. తొమ్మిదింటికి. మాఘం నుంచీ. మాటాడడు, పలకడు. నోట్లో నిప్పు ఎలుగుద్దంట, ఆరుద్దంట. ఆ నిప్పు కనపడగానే వదిన, పాప లోపలి గదిలోకి పోయి, దీపం ఆర్పి, చప్పుడు చెయ్యకుండా పడుకుంటన్నారు. వదిన రామాంజి అంటది. బ్రహ్మాజీ అన్న మాత్రం దెయ్యం కాదు, ఎవడో ఎదవ అంటాడు. దొరికితే కాళ్ళిరగ్గొడతానని రాడ్డు కూడా చేయించాడు."

మస్తాన్‌రావు చేయి జేబులో బీడీకట్ట మీద ఉంది. బయటికి తీయలేదు.

* * *

స్టేషన్లో ఇది చెప్తూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుతోనే.

"ఆడు ట్రిప్పు దిగి రాగానే చెప్పేశానండీ. 'ఒరేయ్, ఆ ఎదవ నేనే' అని. ముందు రాడ్డు ఎత్తాడు. తర్వాత నా కాళ్ళకి చుట్టుకుని ఏడ్చాడు. పెళ్ళాం మీద నేను పడ్డ అనుమానం మాత్రం చెప్పలా. అది నాతోనే పోద్ది."

బ్రహ్మాజీ భార్యకి చెప్పాడంట. అది బావగారేననీ, మనల్ని కాపు కాయడానికి నిలబడుతున్నాడనీ, ఇంక భయపడొద్దనీ. మహాలక్ష్మి సిగ్గుతో, నవ్వుతో చచ్చిపోయిందంట. ఆ రోజే గొంతు ముక్కలు తీసేశారు. ఇప్పుడు తొమ్మిదింటికి బ్రహ్మాజీ లారీలోంచి పాటలు పెడతాడు. పాతవి, ఆమెకి ఇష్టమైనవి నాలుగు. కిటికీ రెండు రెక్కలూ తీసుకుని వింటారు తల్లీకూతుళ్ళు. దీపం కూడా ఆర్పరు.

"ఆ పెట్టెల్లో పాట వింటే మనిషి కదల్లేడండీ. అంత బాగుంటది" అన్నాడు.

నాకు కూడా మనసు తేలికపడింది. పిల్లలకి చెప్పొచ్చు ఈ కథ, భయం లేకుండా ముగుస్తుంది, అనుకున్నాను.

"ఇప్పుడూ నిలబడుతున్నారా?" అని అడిగాను.

"యాడ? పది రోజులైంది అటు పోయి. మోకాలు ఇట్టయింది గదా. దాచేపల్లి యూనిట్టుకి మార్పించుకుని అక్కడే గది తీసుకున్నా. తమ్ముడికింకా చెప్పలేదు. చెప్తే బెంగ పెట్టుకుంటాడు, ఇల్లు వదిలేసి పోయానని. గొంతు, భయం, అన్నీ తేలిపోయినయి గదా... ఇంక కాపలా ఎందుకు?"

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. తెర మీద తమ్ముడి పేరు. స్టేషన్ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. ఆయన స్పీకర్ పెట్టలేదు. కాని పాలిషింగ్ మెషిన్ల రొదలో వినపడాలని వాల్యూము పూర్తిగా పెంచి ఉంచుకుంటాడు. పక్కనున్న నాకు ప్రతి మాటా వినపడింది.

"అన్నా, మీ మరదలు ఒకటి అడగమంది. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందా?"

"ఏ మజ్జిగ?"

"అదేందన్నా. రోజూ గోడ మీద పెడతంది గదా గ్లాసు. పది రోజుల నుంచి. నీతో మాటాడకూడదు గదా, మర్యాదకి అట్టా పెడతంది. నువ్వు తాగి, గ్లాసు బోర్లించి పోతన్నావు. ఇయ్యాల సగమే తాగావంట. ఒంట్లో బాలేదేమోనని..."

మస్తాన్‌రావు నా వైపు చూశాడు. చూసి, ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదిమాడు.

"ఒరేయ్... నేను అటు..."

"ఇను ముందు. పాటలన్నీ అయ్యేదాకా అట్టా నిలబడే ఉంటన్నావంట. బీడీ కూడా మానేశావంట, మంచిపని. కాని మోకాలు నొప్పి పెట్టుకుని ఎందుకన్నా నిలబడటం? మన మధ్య ఈ పద్ధతులేంది ఇంకా? నేనే చెప్పా ఇప్పుడు, బావగారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టమని."

"తలుపు తియ్యొద్దని చెప్పు."

"ఏందీ?"

"తలుపు తియ్యొద్దురా. నేను నడికుడిలో ఉన్నా. ఫోన్ చెయ్యి, చెప్పు, తలుపు..."

అవతల లారీ హారను ఏదో మోగింది. బ్రహ్మాజీకి సగం మాటలే అందినట్టున్నాయి. నవ్వుతూనే అన్నాడు.

"ఎప్పుడో తీసింది లేన్నా. గోపిక నీ చెయ్యి పట్టుకుని తీసుకురావటానికి గోడ కాడికే వస్తంది... కనపడలా?"